ఫైరింజన్ వచ్చేలోపు

ఇల్లు తగలబడిన వార్తల్లో చివరి వాక్యం దాదాపు ప్రతిసారీ ఒకటే: షార్ట్ సర్క్యూట్ వల్లే మంటలు చెలరేగినట్టు భావిస్తున్నారు. నల్లగొండ పేజీ చూసినా అదే, పాలమూరు పేజీ చూసినా అదే. మన చేతుల్లో ఏముందిలే అనుకుని పేజీ తిప్పేస్తాం. కానీ ఆ ఒక్క వాక్యం కింద కనీసం ఐదు వేర్వేరు లోపాలు దాక్కుని ఉంటాయి. వాటిలో మూడింటిని ఇంటి బోర్డులో ఉన్న ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) పట్టుకోలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. నిప్పు ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఇంట్లోవాళ్లు ఎందుకు బయటపడలేకపోయారన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు తీగల దగ్గర, పొయ్యి దగ్గర దొరుకుతుంది. రెండోదానికి జవాబు తాళాల్లో, గ్రిల్స్‌లో ఉంటుంది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

మన దక్షిణ తెలంగాణలో ఫైర్ స్టేషన్లు జిల్లా కేంద్రాల్లో, కొన్ని పెద్ద పట్టణాల్లో ఉన్నాయి. మండలం చివరి ఊరికో, తండాకో అక్కడి నుంచి ఇరవై ముప్పై కిలోమీటర్ల దారి పడుతుంది. సిబ్బంది ఫోన్ ఎత్తగానే బయల్దేరినా అరగంట. ఫోమ్ పరుపు, సోఫా, పాలిస్టర్ కర్టెన్లు ఉన్న గది పూర్తిగా అంటుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదని అమెరికాలో గదులు కాల్చి చూసిన ప్రయోగాల్లో తేలింది. పాతకాలపు చెక్క, నూలు సామానున్న గదికైతే దాదాపు అరగంట పట్టింది. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే, మారుమూల ఊళ్లో ఫైరింజన్ కాపాడగలిగేది చాలాసార్లు పక్కింటినే. మొదటి అయిదు నిమిషాలు ఇంట్లోవాళ్లవి.

ఎంసీబీ ఉందిగా అనే ధీమా

నిజమైన షార్ట్ సర్క్యూట్ అంటే ఫేజు, న్యూట్రల్ తీగలు నేరుగా తగలడం. కరెంటు ఒక్కసారిగా వందల ఆంపియర్లకు లేస్తుంది, ఎంసీబీ రెప్పపాటులో పడిపోతుంది. ఎంసీబీ సరిగ్గా ఉన్న ఇంట్లో దీనితో వచ్చే ముప్పు తక్కువే.

రెండోది ఓవర్‌లోడ్, అంటే తీగ మోయగలిగినదానికంటే ఎక్కువ లాగడం. ఎంసీబీ దీన్నీ పట్టుకుంటుంది గానీ తీరిగ్గా పట్టుకుంటుంది. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ గుండా 18 ఆంపియర్లు గంటసేపు పారినా అది పడాల్సిన పనిలేదు. 23 దాటితే గంటలోపు పడాలి. ఆ వేడిని తీగ తట్టుకోగలిగితేనే ఈ లెక్క కుదురుతుంది. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయమనేది అందుకే. మన దగ్గర జరిగేది వేరు. ఏసీ పెట్టాక ఎంసీబీ మాటిమాటికీ పడుతుంటుంది. "అన్నా, ఆ 16 తీసేసి 32 పెట్టు" అంటాం. ఎలక్ట్రీషియన్ పెట్టి పోతాడు. ఇక అది పడదు, అందరికీ హాయి. గోడలోని తీగ మాత్రం పాతదే, అది లోపల్లోపల కాలుతూ ఉంటుంది. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజుకు అసలు తీగ బదులు రెండు మూడు రాగి పోగులు మెలేసి కట్టడమూ ఇదే పని.

మూడోది లూజ్ కనెక్షన్. ఎక్కువ అనుమానించాల్సింది దీన్నే అని నా అభిప్రాయం, ఎందుకంటే దీన్ని మామూలు ఎంసీబీ అసలు చూడలేదు. ప్లగ్ పిన్ను సాకెట్‌లో వదులుగా ఉందనుకుందాం, లేదా గోడలో రెండు తీగలు మెలేసి టేపు చుట్టి వదిలేశారనుకుందాం. ఆ అతుకు దగ్గర అర ఓమ్ నిరోధం ఏర్పడితే, టన్నున్నర ఏసీ లాగే ఎనిమిది ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 32 వాట్లు. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది, ఇక్కడ అంతకంటే ఎక్కువ వేడి ఒక ప్లాస్టిక్ డబ్బాలో బందీ అయి ఉంది. ఎంసీబీ దృష్టిలో పారుతున్నది ఎనిమిది ఆంపియర్లే కాబట్టి అంతా సవ్యంగానే ఉంది. ఏసీ, గీజర్ అరగంట నడిచాక ఆపేసి, ప్లగ్ తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నా, స్విచ్చు బోర్డు దగ్గర చేపల నీచు లాంటి వాసన వస్తున్నా ఆ బోర్డు వాడకం ఆ రోజే ఆపాలి. ప్లాస్టిక్ భాగాలు మాడేటప్పుడు చాలాసార్లు వచ్చే వాసన అదే. ఇంట్లో ఎవరూ చేపలు వండలేదని తెలిసినప్పుడు దాన్ని నిర్లక్ష్యం చేయకండి.

నాలుగోది ఊళ్లలో అందరికీ తెలిసిందే: న్యూట్రల్ పోవడం. గాలిదుమారానికి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400కు దగ్గరగా రావచ్చు. బల్బులు ఒక్కసారి ధగధగా వెలిగి పేలిపోతాయి, టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. లైట్లు అతిగా వెలుగుతున్నా, ఒక ఇంట్లో మసకగా పక్కింట్లో దేదీప్యంగా ఉన్నా వెంటనే మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కు చెప్పాలి, లేదా 1912కు ఫోన్ చేయాలి. ఐదోది లీకేజీ: తడి గోడలోకో, రేకుల్లోకో కొద్దికొద్దిగా కరెంటు కారడం. దీన్ని పట్టుకునేది ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్చు, ఎంసీబీ కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మొదట ప్రాణం కాపాడేది, ఆ తర్వాత ఇల్లు కాపాడేది. బోర్డులో టి అని రాసిన చిన్న బటన్ కనిపించకపోతే మీ ఇంట్లో అది లేనట్టే. ఉంటే నెలకోసారి ఆ బటన్ నొక్కి చూడాలి, పడిపోవాలి. రేకుల ఇళ్లకు ఇది మరీ అవసరం. సర్వీసు వైరు రేకు అంచుకు రాసుకుని తొడుగు పోతే ఇంటి కప్పు మొత్తానికి కరెంటు వస్తుంది. దానికి కట్టిన దండెం తీగ మీద బట్టలు ఆరేసేవాళ్ల ప్రాణాలు పోతాయి. కాలుతున్న రేకుల ఇంటిని మెయిన్ ఆపకుండా తాకకూడదనేదీ ఇందుకే.

ఇక ఎండ. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ 44, 45 డిగ్రీలు చూడటం కొత్తేం కాదు. ఇళ్లలో వాడే పీవీసీ తొడుగు తీగ 70 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉంటుందనే అంచనాతో దాని సామర్థ్యం లెక్కగడతారు. రేకుల కింద, ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న గాలి మధ్యాహ్నం అంతకంటే చాలా వేడిగా ఉంటుంది కాబట్టి అదే తీగ మోయగలిగిన కరెంటు బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అదే సమయంలో ఏసీ, కూలర్, ఫ్రిజ్ అన్నీ ఒకేసారి నడుస్తాయి. సాయంత్రానికి వోల్టేజీ పడిపోతే మామూలు మోటార్లు మరింత కరెంటు లాగుతాయి. తీగకు బలం తగ్గిన వేళే దాని మీద బరువు పెరుగుతుంది. ఎండాకాలం వార్తల్లో కనిపించే ఆ 'షార్ట్ సర్క్యూట్' కథ చాలావరకు ఇదే.

దీనికి మనం చేసుకున్న ఉపాయం ఒకటుంది, అది నాకు భయం పుట్టిస్తుంది. రేకుల వేడి తట్టుకోలేక కింద థర్మాకోల్ షీట్లు అతికిస్తున్నారు, లేదా పీవీసీ సీలింగ్ కొడుతున్నారు. డాబాల మీద గ్రీన్ షేడ్ నెట్ కడుతున్నారు. వేడి తగ్గుతుంది, నిజమే. కానీ థర్మాకోల్ తేలిగ్గా అంటుకుంటుంది, కరిగి మండుతున్న బొట్లుగా కింద పడుతుంది, నల్లటి విషపు పొగ వదులుతుంది. దాని పైనుంచే అతుకుల తీగలు పోతున్నాయి. రేకుల పైన తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించుకోవడం, లేదా సీలింగ్‌కు జిప్సం బోర్డు వాడటం ఇంతకంటే ఎంతో నయం. థర్మాకోల్ ఇప్పటికే వేసి ఉంటే కనీసం ఆ తీగల్ని దాని మీద నుంచి తీసి, గోడ వెంట పైపులో వేయించండి.

చిన్న సంగతులు రెండు. కూలర్‌లో నీళ్లు అయిపోయినా పంపు తిరుగుతూనే ఉంటే అది మాడుతుంది, పక్కనే ఎండిన గడ్డి ఉంటుంది. చలికాలంలో ప్లాస్టిక్ బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి మర్చిపోవడమూ అలాంటిదే.

గ్యాస్, నూనె

వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి గది మూలల్లో, మంచం కింద, మెట్ల దిగువన నిలుస్తుంది. పైన ఉన్న వెంటిలేటర్ తెరిచి ఊరుకుంటే లాభం లేదు, తలుపు తెరవాలి. గాలిలో రెండు శాతం దగ్గర చేరితే చాలు, అంటుకుంటుంది. 14.2 కిలోల సిలిండర్‌లోని ద్రవం మొత్తం గ్యాసుగా మారితే ఆరు ఘనపు మీటర్లకు పైనే అవుతుంది. ఆ రెండు శాతం లెక్కన చూస్తే ఒక ఇంటి గదులన్నిటికీ సరిపోయేంత. సహజంగా దానికి వాసన ఉండదు, మనకు తెలియాలని కుళ్లు వాసన వచ్చే మెర్‌క్యాప్టన్ కలుపుతారు. ఆ వాసన రాగానే మన చేయి అలవాటుగా లైటు స్విచ్చు మీదికి పోతుంది. అదే చేయకూడదు. వేయకూడదు, ఆపకూడదు కూడా, రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. ఫ్రిజ్ వంటగదిలోనే ఉంటే అది తనంతట తానే ఆన్, ఆఫ్ అవుతుంటుంది కాబట్టి, వంటగదికి బయట ఉన్న మెయిన్‌ను ఆపడం మంచిది. రెగ్యులేటర్ కట్టేసి, తీసి, సిలిండర్ మూతికి తాడు కట్టి ఉండే తెల్ల ప్లాస్టిక్ మూత బిగించాలి. బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయాలి. అది రాత్రీ పగలూ పనిచేసే గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు.

కొత్త సిలిండర్ వచ్చినప్పుడు మూతి లోపల ఉండే నల్ల రబ్బరు వాషర్ ఉందో లేదో డెలివరీ అతన్ని మీ ముందే చూడమనండి. చాలా లీకులు అక్కడే మొదలవుతాయి. సిలిండర్ పైభాగంలో ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం తెలిపే రెండంకెలు ఉంటాయి. సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా. ఆ గడువు దాటిన సిలిండర్ తీసుకోనక్కర్లేదు. ఆరెంజ్ రంగు సురక్ష పైపు అయిదేళ్లకు మార్చాలి. మార్చింది ఎప్పుడో గుర్తులేకపోతే గడువు దాటిందనే లెక్క.

నూనె మంట వేరే రకం. సంక్రాంతి పిండివంటల రోజుల్లో మూకుడు పొయ్యి మీద పెట్టి ఫోన్ వచ్చిందని బయటికి పోతాం. పల్లి నూనె నుంచి మొదట పొగ వస్తుంది, ఇంకా కాగితే నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. అప్పుడు నీళ్లు పోస్తే నీరు నూనె అడుగుకు దిగి, ఒక్కసారిగా పదిహేడు వందల రెట్ల ఆవిరై, మండుతున్న నూనెను కప్పుదాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపాలి, పెద్ద పళ్లెంతో పక్క నుంచి జరుపుతూ మూయాలి, చల్లారేదాకా తెరవకూడదు. పళ్లెం లేకపోతే గొంగడి. పాలమూరు కురుమల ఇళ్లలో ఇప్పటికీ నేసే ఉన్ని గొంగడి తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా మంట నిలవదు. బట్టలంటుకున్న మనిషిని చుట్టడానికీ అదే మేలు. వంటింటి తలుపు పక్కన మేకుకు ఒకటి వేలాడితే విడిగా కొనే ఫైర్ బ్లాంకెట్ అవసరం చాలా ఇళ్లకు ఉండదు. నైలాన్, పాలిస్టర్ దుప్పట్లు మాత్రం దగ్గరికి రానివ్వద్దు, కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

ఒక మాట పెట్రోలు గురించి. ఊరి కిరాణా కొట్టులో సీసాల్లో పెట్రోలు అమ్మడం మనకు మామూలైపోయింది, ఆ కొట్టు వెనకే కాపురం ఉంటుంది. పెట్రోలు ఆవిరి మండటానికి ఎండ కూడా అవసరం లేదు, గడ్డకట్టే చలిలో సైతం అది అంటుకుంటుంది.

పత్తి, గడ్డి, నూలు

ఇంట్లో ఎంత సామాను కాలగలదన్నది పట్నం ఇంటికీ మన ఊరి ఇంటికీ ఒకేలా ఉండదు. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా నల్లగొండ, నాగర్‌కర్నూల్, గద్వాల ఊళ్లలో ముందరి అర్రలో పత్తి కుప్ప కప్పుదాకా ఉంటుంది. అలా ఉంచడానికి కారణం బద్ధకం కాదు, తేమ. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) పూర్తి మద్దతు ధర ఇచ్చేది ఎనిమిది శాతం తేమకు. పన్నెండు దాటితే కొనదు. ఆరేదాకా, ధర వచ్చేదాకా పత్తి ఇంట్లోనే పడి ఉంటుంది, జనం దాని పక్కనే పడుకుంటారు. దోమల బత్తి, బీడీ, వేలాడే బల్బు, కుప్ప కింద పూడిపోయిన స్విచ్చు బోర్డు: ఏదైనా చాలు. పత్తి మంటలో మోసం ఏమిటంటే, అది లోపల్లోపల మంట లేకుండా గంటల తరబడి రాజుకుంటుంది. పైన నీళ్లు చల్లి ఆరిపోయిందనుకుంటే తెల్లారి మళ్లీ లేస్తుంది. కుప్పను బయటికి లాగి, విప్పి, విడివిడిగా తడపాలి. పత్తి నిల్వచేసే అర్రకు ఆ నాలుగు నెలలు కరెంటే వద్దు, బోర్డుకు ఫ్యూజు తీసేయండి. పడక ఇంకో గదికి మార్చండి. గది ఒక్కటే అయితే కుప్పకూ తలుపుకూ మధ్య మీరు పడుకోవాలి, తలుపుకూ మీకూ మధ్య కుప్ప ఉండకూడదు.

గడ్డివాము సంగతి అందరికీ తెలుసు, అయినా కొట్టానికి ఆనుకునే వేస్తాం. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోతలయ్యాక వరి కొయ్యలకు నిప్పు పెట్టే పొలాలు నల్లగొండ ఆయకట్టు ఊళ్ల చుట్టూ ఉంటాయి. మధ్యాహ్నం గాలి మళ్లిందంటే ఆ నిప్పు వాముకు, వాము నుంచి కొట్టానికి, కొట్టం నుంచి ఇంటికి నడిచి వస్తుంది. వాము కరెంటు తీగల కింద వేయకపోవడం, తడి గడ్డి కట్టలు దగ్గరగా పేర్చకపోవడం కూడా ముఖ్యం. తడి గడ్డి లోపల పులిసి తనంతట తానే వేడెక్కుతుంది.

నేత ఊళ్లలో ఇంకో రకం ముప్పు ఉంది. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో చాలామందికి ఇల్లే మగ్గం గది, నూలు గోదాము, రంగులు ఉడికించే చోటు. వాటిలో అద్దకానికి వాడే సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి ఉంటుంది, హైడ్రోస్ అంటారు. దానికి కొద్దిగా చెమ్మ తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. పొగ వస్తోందని గ్లాసెడు నీళ్లు చల్లితే ఇంకా రేగుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, నూలుకు దూరంగా, వాన కారని మూల పెట్టాలి.

తాళం వేసిన ఇల్లు

2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు కరెంటు గురించి తెలియనివాళ్లు కాదు, అదే వాళ్ల ఉద్యోగం. నేల అడుగున పొగ కమ్మేశాక బయటికి దారి దొరకలేదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం, ఎక్కి దిగడానికి ఇరుకు మెట్లదారి. నల్లగొండ ప్రకాశం బజార్‌లో, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ చుట్టుపక్కల నడిచి చూడండి, అలాంటి ఇళ్లు లెక్కలేనన్ని.

చాలా ఇంటి మంటల్లో మనిషి ఒళ్లు కాలి చనిపోయే ముందే పొగతో పోతాడు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో మన ముక్కు వాసన పట్టి లేపదు. తడిగుడ్డ ముఖానికి కట్టుకుంటే మసి కొంత ఆగుతుంది గానీ ఆ వాయువు ఆగదు. అందుకే పొగలోకి సామాను కోసం వెళ్లడానికి తడిగుడ్డ ధైర్యం చాలదు.

ఇక గ్రిల్స్. దక్షిణ తెలంగాణ ఊళ్లలో గత ఇరవై ఏళ్లలో ఇళ్ల రూపం మారడానికి ఒక కారణం కోతులు. వరండాకు జాలీ, కిటికీలకు గ్రిల్, బంగ్లా మెట్లకు గేటు, డాబా తలుపుకు తాళం. దొంగల భయం ఉండనే ఉంది. వీటిలో దేన్నీ తప్పుపట్టలేను, కోతులు చొరబడ్డ ఇల్లు చూసినవాళ్లెవరూ తప్పుపట్టరు. కానీ ఫలితం ఏమిటంటే రాత్రి పదింటికి ఇల్లు లోపలినుంచి పెట్టెలా మూసుకుపోతుంది. తాళం చెవి దిండు కిందో, అమ్మ కొంగుకో, దేవుడి గూట్లోనో ఉంటుంది. పాత భవంతి ఇళ్లకు నడుమ ఆకాశం కనిపించేది, పొగ పైకి పోయేది, వెనక దొడ్డివైపు ఇంకో తలుపు ఉండేది. కప్పు దూలాలు తొందరగా అంటుకునేవన్న మాట నిజమే గానీ బయటపడే దారులు రెండుండేవి. ఇప్పటి స్లాబు ఇల్లు కాలదు, పొగను మాత్రం బయటికి పోనివ్వదు.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. ప్రతి పడకగదిలో ఒక కిటికీ గ్రిల్‌లో మనిషి పట్టేంత భాగాన్ని కబ్జాలతో తెరుచుకునేలా వెల్డింగ్ చేయించాలి. బయటివాడి చేయి అందకుండా, లోపలినుంచి గొళ్లెం చాలు. గేటుకు తాళం తప్పదంటే ఆ తాళం చెవి గేటు పక్కనే, కిటికీ నుంచి అందనంత దూరంలో, పిల్లల చేతికి అందే ఎత్తులో వేలాడాలి. వేరే తాళాలతో కలిపి గుత్తిలో వద్దు. ఒకరోజు రాత్రి మెయిన్ ఆపేసి చీకట్లో ఇంట్లో అందర్నీ బయటికి రమ్మని చూడండి. నాయనమ్మ మంచం దగ్గర నుంచి గేటుదాకా ఎంతసేపు పట్టింది, తాళం తీయడం పదేళ్ల పిల్లకు వచ్చిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. బయటికొచ్చాక అందరూ చేరే చోటు ఒకటి అనుకోవాలి, వేపచెట్టో, ఎదురింటి అరుగో. లేకపోతే బయటే ఉన్న కొడుకు కోసం తండ్రి లోపలికి పరుగెత్తుతాడు.

ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ మెట్ల కింద పెడుతున్నాం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. లిథియం బ్యాటరీలు అరుదుగానే అంటుకుంటాయి, అంటుకున్నప్పుడు మాత్రం ఆర్పడం కష్టం, ఒకసారి ఆరినా మళ్లీ రేగుతాయి. ఆ అరుదైన ప్రమాదం, మనం బయటపడటానికి ఉన్న ఒక్క దారిలోనే ఎందుకు జరగాలి? వాకిట్లో, గోడ పక్కన, పగటిపూట చార్జి చేసుకోవచ్చు.

పొగను పసిగట్టి మోగే బ్యాటరీ పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేనైతే ఖరీదైన, మంటలు ఆర్పే సిలిండర్ కంటే ముందు ఇది కొనమంటాను. పడకగదుల బయట కప్పుకు పెట్టాలి, వంటగదిలో పెడితే తాలింపుకల్లా మోగుతుంది. ఇక ఆర్పే సిలిండర్ కొనాలనుకుంటే ఐఎస్ఐ గుర్తున్న ఏబీసీ పౌడర్ రకం తీసుకోండి. చిన్నది పది పదిహేను సెకన్లలో ఖాళీ అవుతుంది, కాబట్టి మోకాలి ఎత్తు మంటకే పనికొస్తుంది. తలుపు వీపువైపు ఉండేలా నిలబడి, మంట మొదలు వైపు గురిపెట్టి ఊపాలి. కప్పుకు అంటుకున్న మంటతో పోరాటం వద్దు.

మంట లేచాక

అందర్నీ లేపి బయటికి పంపడం మొదటి పని. పొగ ఉంటే నేలకు వంగి, పాకుతూ. బయటికొస్తూ వెనక తలుపు మూసెయ్యండి, తాళం వేయకుండా. మూసిన తలుపు మంటకు గాలిని తగ్గిస్తుంది. దారిలో ఉంటే మెయిన్ ఆపాలి, లేకపోతే దాని కోసం వెనక్కి పోకూడదు. దారి మూసుకుపోతే తలుపు ఉన్న గదిలో ఉండి, తలుపు కింద సందులో తడిగుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర కేకలు వేయాలి.

101కు చేసినా 112కు చేసినా ఫర్వాలేదు. ఊరి పేరుతో ఆగకండి, ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉంటాయి. మండలం, ఏ రోడ్డు మీది నుంచి రావాలి, గుర్తుగా గుడో వాటర్ ట్యాంకో చెప్పి, కాలుతున్నది ఏమిటో చెప్పండి: పత్తా, గ్యాసా, గడ్డా. ఒక మనిషిని బైకు మీద మెయిన్ రోడ్డుకు పంపండి. ఫైరింజన్‌లో సుమారు 4,500 లీటర్ల నీళ్లుంటాయి, సందులో ట్రాక్టర్ ట్రాలీ అడ్డంగా ఉంటే అవి ఉన్నా లేనట్టే.

ఈలోగా ఊళ్లో అందుబాటులో ఉండే పెద్ద సాధనం పంచాయతీ ట్రాక్టర్. పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్యాంకర్ వచ్చాయి. చెట్లకు నీళ్లు పోసే ఆ ట్యాంకర్‌కు ఒక చిన్న ఇంజిన్ పంపు, వంద అడుగుల పైపు తగిలిస్తే ఊరికి సొంత ఫైరింజన్ ఉన్నట్టే. ఎండాకాలం మూడు నెలలు రాత్రిళ్లు ట్యాంకర్ నింపి ఉంచాలని, డ్రైవర్ ఫోన్ నంబరు వీధి గోడ మీద రాయించాలని గ్రామసభలో అడగండి. ఒక చిక్కు గుర్తుంచుకోవాలి: కంగారులో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆపేస్తే దాని మీద నడిచే బోరు కూడా ఆగిపోతుంది. కాలుతున్న ఇంటి సర్వీసు వరకే తప్పించేలా లైన్‌మన్‌కు చెప్పాలి.

కాలిన గాయానికి మామూలు నీళ్ల ధార, ఇరవై నిమిషాలు. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా ఏవీ వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను పీకకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చేయాలి.

కాలిపోయాక

అగ్నిప్రమాదం విపత్తు సహాయ నిధి కిందికి వస్తుంది. 2022 నుంచి 2026 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే రూ.1.20 లక్షలు, గుడిసెకు రూ.8 వేలు, మనిషి చనిపోతే కుటుంబానికి రూ.4 లక్షలు. గుడిసె లెక్క చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు, అయినా దానికీ తహసీల్దార్ పంచనామా కావాలి. శిథిలాలు ఎత్తిపోయకముందే ఫొటోలు తీయండి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, ఫైర్ స్టేషన్ నుంచి ప్రమాద నివేదిక అడగండి.

గ్యాస్ ప్రమాదానికి చమురు కంపెనీల బీమా ఉంటుంది, ప్రీమియం మనం కట్టక్కర్లేదు. మరణానికి మనిషికి రూ.6 లక్షలు, వైద్యానికి మనిషికి రూ.2 లక్షల దాకా, ఆస్తికి రూ.2 లక్షల దాకా. ఆస్తి నష్టానికి కనెక్షన్ ఏ చిరునామా మీద ఉందో ఆ ఇంట్లోనే ప్రమాదం జరిగి ఉండాలి. బతుకుతెరువు కోసం ఊరు మారి, అద్దింట్లో పాత చిరునామా కనెక్షనే వాడుతున్న కుటుంబాలు పాలమూరు జిల్లాల్లో ఎన్నో. డీలర్ దగ్గర చిరునామా మార్పించుకోండి. ప్రమాదం జరిగితే డీలర్‌కు కాగితం మీద రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి.

సొంత పక్కా ఇల్లు ఉన్నవాళ్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే షరతులతో ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. ఇంటికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా లోపలి సామానుకూ వర్తిస్తుంది. బీరువాలో నగదుకు వర్తించదు, బంగారానికి విడిగా తీసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి కాగితాలు, పిల్లల మెమోలు ఫోన్‌లో ఫొటో తీసి డిజిలాకర్‌లోనో, మరో ఊళ్లో ఉన్న బంధువు ఫోన్‌లోనో ఒక కాపీ ఉంచితే, పంచనామా రోజు తహసీల్దార్ ఆఫీసులో పని సగం తగ్గుతుంది.